నాలుగో తల

మూడేళ్ళ పిల్లని అర్ధరాత్రి పూట, మూతపడ్డ పెట్రోలు బంకులో వదిలేసి వెళ్ళిపోయారు. రెండు కార్లు, నలుగురు పెద్దవాళ్ళు, అందరూ చదువుకున్నవాళ్ళే... ఒక్కరికీ తెలియలేదు.

జరిగిన తప్పు అది. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి విన్నవాళ్ళంతా మొదట అడిగేది ఒకటే: "కన్నపిల్లని ఎలా మర్చిపోతారండీ?" అని.

మర్చిపోలేదు. లెక్కపెట్టుకునే బయల్దేరారు. లెక్క సరిపోయింది కూడా. భయమంతా అక్కడే ఉంది.

ఆ బంకుకి మంచి పేరు లేదు. ముందూ వెనకా పది కిలోమీటర్ల దాకా ఇల్లన్నది కనపడని చోట, పెద్ద రోడ్డు పక్కన ఉంటుంది. పంపులు ఎప్పుడో పీకేశారు. రేకుల కప్పు, దాని కింద సిమెంటు గట్టు, తలుపుల్లేని ఆఫీసు గది... అంతే మిగిలింది. వెనకాల ఓ నీళ్ళ తొట్టి. దానికి మూత లేదు. టైరు పేలినా సరే, లారీవాళ్ళు ఆ కప్పు కింద ఆపరు. ఇంకో కిలోమీటరు ఈడ్చుకుంటూ పోతారు.

చెప్పింది అంబులెన్సు డ్రైవరు. ఆ రోడ్డు మీద ఇరవై ఏళ్ళు రాత్రీ పగలూ తిరిగినవాడు. చెప్పింది ఆమెకి, అంటే ఈ కథలో అక్కకి. పదిహేడేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సు. దెయ్యాలంటే నవ్వే రకం. నవ్వే తీరిక కూడా లేదు, అసలు సంగతి చెప్పాలంటే. అప్పుడామె ప్రయాణం ప్లాను వేస్తోంది.

మామూలు ప్లాను కాదు. నెలన్నర పట్టింది.

ఆమెకి కవలలు. మూడేళ్ళు. పది నిమిషాల ముందు పుట్టినవాడు పెద్దోడు, తర్వాత పుట్టినవాడు చిన్నోడు. చెల్లెలికి ఇద్దరు. మూడేళ్ళ చిట్టి, ఏడాదిన్నర బుజ్జిగాడు. సముద్రం ఒడ్డున ఓ ఇల్లు వారం రోజులకి మాట్లాడుకున్నారు. ఎనిమిది గంటల ప్రయాణం. ఎనిమిది గంటలు, నలుగురు పసివాళ్ళు. పిల్లల్ని పెంచినవాళ్ళకి ఈ రెండు మాటలు పక్కపక్కన వింటేనే తల తిరుగుతుంది.

అంతకు ముందు ఏడాది ఓసారి పగలు బయల్దేరి చూశారు. తొంభై కిలోమీటర్లలో తొమ్మిదిసార్లు ఆగారు. చిట్టి ఒక చెప్పు కిటికీలోంచి విసిరేసింది. దాని కోసం వెనక్కి వెళ్తే, రెండోది కూడా విసిరేసి చప్పట్లు కొట్టింది. పెద్దోడు ఏడుస్తుంటే చిన్నోడు, చిన్నోడు ఏడుస్తుంటే బుజ్జిగాడు. చివరికి మరిది స్టీరింగు మీద తల ఆనించి, "వదినా, నేనిక్కడే దిగిపోతాను. మీరు వెళ్ళిరండి" అన్నాడు. సగం దారిలోంచి ఇంటికొచ్చేశారు.

అందుకే ఈసారి అక్క పట్టుదలగా కూర్చుంది. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద కాగితం అతికించింది. బయల్దేరేది రాత్రి తొమ్మిదికి, పిల్లలు గాఢంగా నిద్రపోయాక. ఎత్తి సీట్లలో కట్టేయడమే. తెల్లారి కళ్ళు తెరిస్తే ఎదురుగా సముద్రం. దారిలో ఆగేది రెండే చోట్ల, పదకొండుకీ ఒంటిగంటన్నరకీ, రెండూ లైట్లూ మనుషులూ ఉన్న హోటళ్ళు. కార్లో లోపలి లైటు ఎట్టి పరిస్థితిలోనూ వెయ్యకూడదు. వెలుతురు పడితే పెద్దోడు లేస్తాడు, వాడు లేస్తే ఊరంతా లేస్తుంది. పాలసీసాలు, డైపర్లు, తడిగుడ్డలు, ప్రతి పిల్లకీ రెండు జతల బట్టలు... ఏది ఏ సంచిలో, ఆ సంచి ఏ కార్లో, అన్నీ రాసి ఉన్నాయి.

అన్నిటికంటే కింద, గీత గీసి మరీ: ఆగిన ప్రతిచోటా తలలు లెక్క.

అది థియేటర్లో అలవాటు. కడుపు కుట్టేసే ముందు గాజుగుడ్డలూ సూదులూ కత్తెరలూ లెక్కపెడతారు. ఒకరు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి. రెండూ కలిస్తేనే కుట్టు పడుతుంది. పదిహేడేళ్ళలో ఆమె లెక్క ఒక్కసారి తప్పలేదు.

"ఇది విహారయాత్రా, దండయాత్రా?" అన్నాడు భర్త కాగితం చదివి.

"నీకు ఇచ్చిన పని డ్రైవింగు. అది చెయ్యి."

చెల్లెలు మాత్రం కాగితం చదవనే లేదు. "అక్క రాసిందంటే ఇక మనం ఆలోచించక్కర్లేదు బావా" అంది. మాటవరసకన్నది కాదు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా ఆ పిల్ల అటూ ఇటూ చూసేది కాదు. అక్క చెయ్యి వంక చూసేది. చెయ్యి కదిలితే కదిలేది. ముప్ఫై ఏళ్ళొచ్చినా అంతే.

అంబులెన్సు డ్రైవరు ఆసుపత్రి మెట్ల మీద టీ తాగుతూ ఆ కాగితం నకలు చూశాడు. మెచ్చుకున్నాడు. ఆ తర్వాత వేలితో ఒకచోట తట్టాడు.

"ఈ రెండో హోటలుకి పాతిక కిలోమీటర్ల ముందు ఓ పాడుబడ్డ బంకు తగులుతుంది మేడమ్. అక్కడ మాత్రం ఆగొద్దు."

"ఎందుకు, దొంగలా?"

"దొంగలైతే పోలీసులకి చెప్పేవాణ్ణి." గ్లాసు కింద పెట్టాడు. "బంకు నడిచే రోజుల్లో ఎవరో పెళ్ళికి పోతూ ఆగారు. రెండు బళ్ళు. పిల్ల ఆ బండిలో ఉందని వీళ్ళు, ఈ బండిలో ఉందని వాళ్ళు... వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి వెనక తొట్టిలో తేలింది. ఆ తర్వాత ఏడాదికే బంకు మూసేశారు."

"అయ్యో."

"అప్పట్నుంచీ... అక్కడ రాత్రిపూట ఆగిన బండిలో ఒక తల ఎక్కువుంటుందంటారు."

ఆమె నవ్వింది. "ఎక్కువుంటే ఫరవాలేదులే. తక్కువుంటేనే మా థియేటర్లో గొడవ."

డ్రైవరు నవ్వలేదు.

బయల్దేరిన రాత్రి అంతా కాగితం మీద ఉన్నట్టే జరిగింది. ముందు మరిది కారు, వెనక వీళ్ళది. పిల్లలు మూటల్లా నిద్రపోయారు. పదకొండుకి మొదటి హోటల్లో ఆగారు. "నాలుగు" అంది అక్క. "నాలుగు" అంది చెల్లెలు. మరిది కాఫీ తాగుతూ, "వదినా, మీ కాగితానికి దండెయ్యాలి" అన్నాడు. అక్క మొహంలో కాస్త గర్వం వచ్చింది. రాదా మరి?

ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుందనగా చిన్నోడు కక్కుకున్నాడు.

కొంచెం కాదు. తాగిన పాలన్నీ. సీటు, దుప్పటి, వాడి మెడ కింద మడతలు... అంతా. వాడికి ఊపిరాడనట్టు దగ్గు. ఆమె వెనక్కి వంగి వాడి తల పట్టుకుని, "ఆపు, ఆపు, ఎక్కడో అక్కడ ఆపు" అంది. భర్త ముందు కారుకి లైట్లు కొట్టి, ఎడమవైపు కనపడ్డ రేకుల కప్పు కిందకి తిప్పేశాడు.

దిగాక గానీ ఆమెకి తెలియలేదు అది ఏ చోటో.

తెలిసినా ఏం చేస్తుంది? చేతిలో పిల్లాడు. ఒళ్ళంతా వాంతి.

చీకటి అంటే చీకటే. రోడ్డు మీద అప్పుడో లారీ ఇప్పుడో లారీ పోతే, ఆ వెలుతురు కప్పు మీదుగా జారి, ఆఫీసు గది గోడ మీద పాకి, పోయేది. మళ్ళీ చీకటి. చేతిలో ఫోను లైటు ఒక్కటే. అది పట్టుకుని భర్త నీళ్ళు పోస్తుంటే ఆమె చిన్నోణ్ణి కడిగింది, తుడిచింది, పొడిబట్టలు తొడిగింది. అలికిడికి చిట్టి లేచేసింది. లేచి, "నేను పెద్దమ్మ కార్లో" అని మొదలుపెట్టింది.

"సరే, ఇలా చేద్దాం" అంది అక్క. ఇలాంటప్పుడే ఆమె బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. "చిన్నోడికి పొడి సీటు కావాలి. వీణ్ణి చిట్టి సీట్లో పెడదాం. చిట్టి మా కార్లోకి వస్తుంది. తడి సీటు మీద తువ్వాలు మడిచి వేస్తాను."

"నేను చిట్టికి ఒంటికి పోయించి, నీ కార్లో ఎక్కిస్తాను" అంది చెల్లెలు.

తేలికైన పని. చెరో పిల్ల. చిన్నోణ్ణి ముందు కార్లో కట్టేసి అక్క వచ్చింది. కంపు కొడుతున్న దుప్పటిని సంచిలో కుక్కి, డిక్కీలో పడేసింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, థియేటర్లో కడుక్కున్నట్టే. ఈలోగా బుజ్జిగాడు ఏడుపు అందుకున్నాడు. చెల్లెలు గబగబా ముందు కారు వైపు పరుగెత్తడం చెవికి తెలిసింది. ఆ తర్వాత ఏడుపు ఆగింది.

నిశ్శబ్దం.

ఎక్కడో నీళ్ళు... ఒక్కొక్క చుక్కా పడుతున్నట్టు.

"లెక్క" అంది అక్క, గొంతు తగ్గించి.

ముందు కార్లో చెయ్యి పెట్టింది. బుజ్జిగాడు, చిన్నోడు. ఒకటి, రెండు. తన కారు దగ్గరికొచ్చింది. లోపలి లైటు వెయ్యలేదు. పెద్దోడు లేస్తాడు. ఫోను భర్త దగ్గర. వెనక తలుపు తీసి చీకట్లోకి చెయ్యి చాచింది. పెద్దోడి తల. వేసవికని కురచగా కత్తిరించిన జుట్టు, కొబ్బరిపీచులా గుచ్చుకుంది. మూడు. ఇవతల, తువ్వాలు వేసిన సీట్లో, ఇంకో చిన్న తల. జుట్టు తడిగా ఉంది. చెల్లెలు మొహం కడిగినట్టుంది అనుకుంది. అరచెయ్యి కింద ఆ తల కొంచెం కదిలి, నిద్రలో పిల్లలు చేసినట్టే, పైకి ఒత్తుకుంది.

నాలుగు.

"నాలుగు" అంది పైకి.

ముందు కారు కిటికీలోంచి చెల్లెలి గొంతు. "నాలుగు."

కార్లు కదిలాయి.

ఇరవై నిమిషాలు గడిచాయి. కార్లో ఇంకా వాంతి వాసన, తడిగుడ్డల వాసన. భర్త కిటికీ కొంచెం దింపాడు. ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. ఆమెకి కన్ను మూతపడుతోంది... పడింది...

"పెద్దమ్మా."

వెనక నుంచి. చిన్న గొంతు, నిద్ర గొంతు.

"పడుకో అమ్మా" అంది కళ్ళు తెరవకుండానే.

"పెద్దమ్మా."

ఈసారి చెవి పక్కనే. సీటుకీ తలుపుకీ మధ్య సందులోంచి అన్నట్టు. ఆమె కళ్ళు తెరిచింది. పిల్ల బెల్టు విప్పుకుందేమోనని భయమేసింది. భర్త ఫోను అందుకుని లైటు వెనక్కి తిప్పింది. పెద్దోడు లేస్తే లేవనీ.

పెద్దోడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

పక్క సీట్లో తువ్వాలుంది. తువ్వాలు మధ్యలో, కూర్చుని లేచినట్టు, గుంట.

"చిట్టీ..." కింద చూసింది. సీట్ల మధ్య చూసింది. సంచుల వెనక చూసింది. మూడేళ్ళ పిల్ల దాక్కునేంత జాగా ఆ కార్లో లేదు. అయినా మూడుసార్లు చూసింది.

అప్పుడు చెల్లెలికి ఫోను చేసింది. ఎంత మామూలుగా అడగాలో అంత మామూలుగా అడిగింది. "చిట్టి నీ దగ్గరుందా?"

"నీ కార్లో కదా" అంది చెల్లెలు. "నీ తలుపు దగ్గర నిలబెట్టాను. ఎక్కు, పెద్దమ్మ బెల్టు పెడుతుందని చెప్పి... వీడు ఏడుస్తుంటే..."

ఎక్కడో ముందు, ఆ కార్లో, మరిది బ్రేకు వేసిన చప్పుడు ఫోన్లోంచి కూడా వినపడింది.

"నాలుగన్నావు కదక్కా" అంది చెల్లెలు.

తిట్టినట్టు లేదు. అడిగినట్టూ లేదు. రోడ్డు మధ్యలోకి వచ్చాక, పట్టుకున్న చెయ్యి లేదని తెలిసిన మనిషి గొంతు.

రోడ్డుకి నడుమ గోడ. వెనక్కి తిరిగే సందు మరో ఆరు కిలోమీటర్లకి గానీ లేదు. భర్త యాక్సిలరేటరు తొక్కేశాడు. బండి అంత వేగంగా పోగలదని ఆమెకి అంతవరకూ తెలియదు. ఇరవై నిమిషాలు ఇటు, సందు దాకా ఇంకొంచెం, మళ్ళీ అంత దూరం అటు. ఎంత తోలినా నలభై నిమిషాలు దాటుతుంది. నలభై నిమిషాలు, చీకట్లో, మూడేళ్ళ పిల్ల. ఓ పక్క లారీలు పోయే రోడ్డు.

ఇంకో పక్క తొట్టి.

మూత లేని తొట్టి. చిట్టికి నీళ్ళంటే పిచ్చి. బక్కెట్టు కనపడితే చేతులు ముంచుతుంది. సముద్రం చూపిస్తామని నెల రోజుల నుంచి ఊరించారు దాన్ని. పెద్ద పెద్ద నీళ్ళు, అందులో దిగొచ్చు, ఆడుకోవచ్చు అని. ఊరించింది ఎవరు? ఆమే.

ఫోను ఎవరూ పెట్టేయలేదు. చెల్లెలి ఊపిరి వినపడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి మరిది, "ఏం కాదు, ఏం కాదు" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. అక్క పెదాలు ఆడుతున్నాయి. దేవుణ్ణి తల్చుకుంటోంది అనుకున్నాడు భర్త. కాదు. లెక్కపెడుతోంది. బుజ్జిగాడు ఒకటి, చిన్నోడు రెండు, పెద్దోడు మూడు... తడి జుట్టు నాలుగు. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ నాలుగే వస్తోంది.

బంకు కనపడింది. దాని ఎదురుగానే గోడకి సందుంది. వీళ్ళ కారే ముందు చేరింది. భర్త హెడ్‌లైట్లు నేరుగా కప్పు కిందకి పడేలా తిప్పి ఆపాడు.

సిమెంటు గట్టు మీద చిట్టి కూర్చుని ఉంది.

కాళ్ళు ఊపుతోంది. ఏడవలేదు. ఏడ్చిన చారలు కూడా లేవు మొహం మీద. వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

అక్క తలుపు తీసి ఎలా దిగిందో, ఎలా నడిచిందో... వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. బట్టలు తడిమింది. పొడి. జుట్టు తడిమింది. రెండు పిలకలూ పొడి.

"భయమేసిందా అమ్మా?" అంది.

చిట్టి తల అడ్డంగా ఊపింది. "పాప ఉంది."

"ఏ పాప?"

"పాపే. తడి పాప." పిల్లలు రహస్యం చెప్పినట్టు చెవిలో గుసగుసలాడింది. "అటు పోకూ, నీళ్ళున్నాయీ అంది. ఇక్కడే కూచో అంది. నేను పోయి వాళ్ళని తీసుకొస్తా అంది. నీ కార్లో ఎక్కేసింది."

ఆమె పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు... ఇప్పుడేది?"

చిట్టి ఆమె భుజం మీదుగా, వెనక నిలబడ్డ కారు వైపు చూసింది. చూసి, వేలు చూపించింది.

"దిగుతోంది."

ఆమె తిరిగింది.

భర్త ఇంకా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. స్టీరింగు వదలకుండా, రెండు చేతుల మధ్య తల వాల్చేసి. ముందు తలుపు ఆమె తీసినట్టే తెరిచి ఉంది. వెనక తలుపు... పిల్లలు లోపల్నుంచి తీయకుండా గడియ పెట్టిన తలుపు, బయట్నుంచి తీస్తే గానీ రానిది... అదీ తెరిచి ఉంది. అంచు దాకా.

నేల మీద, సిమెంటు మీద, తలుపు దగ్గర్నుంచి వెనక వైపుకి ఏదో మెరుస్తోంది. చుక్కలు చుక్కలుగా. చిన్నోణ్ణి కడిగిన నీళ్ళే అయ్యుండొచ్చు. నలభై నిమిషాలు ఆరకుండా ఉంటాయా? ఉంటాయేమో. ఆమె దగ్గరికెళ్ళి చూడలేదు.

తలుపు వేసేసింది. పిల్లని గుండెకి హత్తుకుని, రోడ్డు వైపు వెళ్ళి నిలబడింది.

చెల్లెలు వచ్చింది. కారు ఆగకముందే దిగేసింది. చిట్టిని లాక్కున్నట్టు తీసుకుంది. అలా లాక్కుంటుంటే పిల్ల చెయ్యి పెద్దమ్మ మెళ్ళో చిక్కుకుంది. ఆ చేతిని చెల్లెలే విడిపించింది. అక్క మొహం చూడలేదు.

సముద్రం దగ్గరికి వెళ్ళారు. ఇంకెక్కడికెళ్తారు, అంత రాత్రి? వారం రోజులూ ఉన్నారు కూడా. పిల్లలు ఇసుకలో దొర్లారు, బుజ్జిగాడు రెండు గుప్పిళ్ళ ఇసుక మింగాడు, ఫోటోలు తీసుకున్నారు. చెల్లెలు అన్నీ మామూలుగానే మాట్లాడింది. కానీ మొదటిరోజు సాయంత్రం నీళ్ళలోకి దిగుతుంటే, "చిట్టిని నేను పట్టుకుంటాను" అని అక్క చెయ్యి చాస్తే...

"వద్దులే. నేను పట్టుకుంటా" అంది.

అంతే. అంతకన్నా ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాటా అక్కకి సూదిలా దిగి, అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి భర్త ఓదార్చబోయాడు. తెలివైనవాడు, అన్నిటికీ ఏదో ఒక కారణం దొరుకుతుంది అతనికి. "నేను ఆలోచించాను" అన్నాడు. "పెద్దోడు నిద్రలో పక్కకి ఒరుగుతాడు కదా. కాలు ముడుచుకుని ఈ సీట్లోకి పెట్టి ఉంటాడు. చీకట్లో నువ్వు తడిమింది వాడి మోకాలు. మోకాలిని తల అనుకున్నావు. ఎవరైనా అనుకుంటారు."

"నేను నిద్రలో ఉంటే పిలిచింది?"

"నిద్రలో అనే నువ్వే అంటున్నావు కదా."

"వెనక తలుపు?"

"ఆ కంగారులో నేనే తీసి ఉంటాను. గుర్తులేదు."

బాగుంది. అన్నీ అతికాయి. మోకాలు, కల, కంగారు. ఆమె "ఊ" అంది.

మోకాలికి తడి జుట్టు ఉండదని అనలేదు.

పొద్దున్నే లేచింది. బయట మెట్ల మీద చెల్లెలు ఒక్కత్తే కాఫీ పట్టుకుని కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చుంది. చెప్పాలనుకున్న మాట నాలుక చివరే ఉంది. *నా చేతికి తల తగిలింది. ఒట్టు. నేను లెక్క తప్పలేదు. చిట్టిని అడుగు, ఆ పాప సంగతి చెప్తుంది.* ఆ ఒక్క మాట చెప్తే చాలు. చెల్లెలు నమ్మేస్తుంది. అక్క చెప్పిందేదీ నమ్మకుండా ఉండటం ఆ పిల్లకి చేతకాదు. అక్క తప్పు కాదని తేలిపోతుంది. ముప్ఫై ఏళ్ళ నమ్మకం తిరిగి చేతికొస్తుంది.

మరి అలా చెప్తే, దాన్నేమంటారు? పిల్లని చీకట్లో వదిలేసి వెళ్ళింది తను. ఆ వంక పెట్టి తప్పించుకోవడానికి ఇంకో పిల్ల కావాలా? అదీ ఎప్పుడో ఎవరో ఇలాగే వదిలేసి వెళ్ళిన పిల్ల? లైటు వేసి ఉంటే చాలు. మొహం చూసి ఉంటే చాలు. "చిట్టీ" అని ఒక్కసారి పిలిచి ఉంటే చాలు. గాజుగుడ్డల్ని తడిమినట్టు తడిమి, నాలుగు అంది. మొహాలున్న పిల్లలు వాళ్ళు.

"లెక్క తప్పాను" అంది. "తప్పు నాదే. చూడకుండా చెప్పాను."

చెల్లెలి చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ తర్వాత, "ఎక్కిస్తానని అన్నది నేను. నిలబెట్టి వదిలేసింది నేనే కదక్కా" అంది. అని, అప్పుడు ఏడ్చింది. ఆ రాత్రి నుంచి అదే మొదటిసారి.

చిట్టి ఆ పాప సంగతి రెండు మూడు రోజులు చెప్పింది. పిల్లల మాటలు, ఎవరు పట్టించుకుంటారు? తర్వాత మర్చిపోయింది.

ఇప్పుడు చిట్టి కాలేజీలో చదువుతోంది. బాగా వాగుడుకాయ. ఇంటికి స్నేహితులెవరొచ్చినా పెద్దమ్మని చూపించి, "ఇదిగో, నన్ను పెట్రోలు బంకులో మర్చిపోయి వెళ్ళిపోయిన మహాతల్లి ఈవిడే" అని పరిచయం చేస్తుంది. అందరూ నవ్వుతారు. చెల్లెలు కూడా నవ్వుతుంది. మరిదైతే వాంతి దగ్గర్నుంచి మొత్తం కథ అందుకుంటాడు. భర్త మోకాలి సంగతి చెప్తాడు. ఏటేటా ఆ కథ ఇంకాస్త బాగా పండుతోంది.

చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో ముక్క ఉంది. ఎవరైనా, "నిజంగానే మర్చిపోయారా అండీ?" అని అడిగిన ప్రతిసారీ అది గొంతు దాకా వస్తుంది.

"మర్చిపోయాను" అంటుంది. "తప్పు నాదే."

పదిహేనేళ్ళుగా అదే జవాబు.